బ్యారేజీ పొడవుతో సరిచూసుకున్న లెక్క: బరువు తగ్గడంలో నా అనుభవం

గత మార్చిలో చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే అంకె, 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా పరిగణిస్తారు కాబట్టి డాక్టరమ్మ మందులేవీ రాయలేదు. తిండి, నడక సరిచేసుకుని డిసెంబరులో మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. నా వయసు 45, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆ రోజు బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవారికి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని, కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, అంటే బీఎంఐ, 25 దాటితే స్థూలకాయంగానే లెక్క అని ఆవిడ చెప్పారు. నాది 31 ఉంది. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటరుగారి దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం నాది. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే గడుస్తాయి కాబట్టి ఆ అంకెలు నాకు ఆశ్చర్యం కలిగించలేదు కానీ, మా అమ్మ చివరి రోజులు చక్కెర వ్యాధితోనే గడిచినందువల్ల భయం మాత్రం పట్టుకుంది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఉగాదికి వచ్చినప్పుడు ఒక స్మార్ట్ వాచీ తెచ్చి నా చేతికి పెట్టాడు. మర్నాటి నుంచే తెల్లవారుజామున స్కూటరు మీద ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి, ఈ చివరి నుంచి సీతానగరం వైపు చివరి వరకు నడిచి వెనక్కి రావడం మొదలుపెట్టాను. మొదటి రోజు నడక పూర్తయ్యేసరికి వాచీ 240 కేలరీలు ఖర్చయ్యాయని చూపించింది. లెక్కలు రాసే అలవాటున్న మనిషిని కాబట్టి దాన్ని జమ కింద రాసుకుని, అందులోంచి ఖర్చు పెట్టుకోవచ్చుననే అనుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో బండి దగ్గర ఒక ప్లేటు పునుగులు తిన్నా ఇంకా మిగులే ఉంటుందని నా ధీమా. అలా నెల రోజులు ఒక్క పూట కూడా మానకుండా నడిచి బరువు చూసుకుంటే 78 కిలోల 300 గ్రాములు ఉన్నాను.

లోపం నా ఒంట్లోనే ఉందేమో, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలేమో అనిపించింది. అయితే ఆ పని చేసే ముందు, ఆఫీసులో పద్దు కుదరనప్పుడు చేసే పనే ఇక్కడా చేశాను: మూలంలో ఉన్న అంకె సరైనదో కాదో చూశాను. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. నా వాచీ మాత్రం ఒక వైపు నడకను 1.44 కిలోమీటర్లుగా చూపిస్తోంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే 1,980 వచ్చాయి, అంటే నా అడుగు సుమారు 62 సెంటీమీటర్లు. వాచీ మాత్రం దాన్ని 72 సెంటీమీటర్లకు పైగా అనుకుంటోంది. సెట్టింగులు తెరిచి చూస్తే విషయం తెలిసింది. అబ్బాయి వాచీ పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి తన వివరాలే ఎక్కించి, వాటిని మార్చకుండా నాకు ఇచ్చాడు. నెల రోజులుగా ఆ వాచీ 24 ఏళ్ల, 175 సెంటీమీటర్ల ఎత్తున్న మగపిల్లవాడు నడుస్తున్నాడని లెక్కవేస్తోంది. నా వివరాలు ఎక్కించిన తర్వాత అదే నడకకు 165 వచ్చింది.

ఆ 165 కూడా పూర్తిగా నడక వల్ల ఖర్చయినది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడుకునే శక్తిని ఒకటిగా తీసుకుంటే, గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో చేసే నడకకు దానికి మూడున్నర రెట్లు కావాలి. ఆ ఒకటి విలువ కిలో బరువుకు గంటకు దాదాపు ఒక కేలరీ. నా 78 కిలోలకు, బ్యారేజీ మీద పట్టే అరగంటకు గుణిస్తే మొత్తం 137 వస్తుంది. అయితే అందులో 39 కేలరీలు నేను ఆ అరగంట ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడిచినందువల్ల అదనంగా ఖర్చయింది దాదాపు 98 మాత్రమే. 240 అనుకుని తిన్నదానికీ, నిజంగా ఖర్చయిన 98కీ మధ్య ఉన్న తేడాయే నెలాఖరున నా నడుము మీద కనిపించింది.

ఇందులో ఒక్క నా వాచీనే తప్పు పట్టడానికి లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో మణికట్టుకు కట్టుకునే ఏడు రకాల పరికరాలను పరీక్షించి చూస్తే, వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో కొలిచాయి కానీ, కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా 27 శాతం, అన్నిటికన్నా వెనకబడినది 93 శాతం తేడా చూపించాయి. అందుకే గుండె వేగం చూసుకోవడానికి, సమయం చూసుకోవడానికి వాచీని నమ్మాను. కేలరీల అంకెను తినే తిండికి ముడిపెట్టడం ఆ రోజుతో మానేశాను.

అయితే అక్కడితో నా పొరపాట్లు ఆగలేదు. నడకకు అంత తక్కువ ఫలం ఉంటే నడకే పెంచాలనుకుని, మే నెలలో ఏడెనిమిది వేల అడుగుల నుంచి ఒక్కసారిగా రోజుకు 15,000 అడుగులకు వెళ్లాను. అది చాలదన్నట్టు రాత్రి భోజనం కూడా మానేశాను. మా అత్తయ్య రెండు రోజులు చూసి, “అమ్మాయ్, చేతికున్న గడియారం చెప్పిందని అన్నం మానేస్తారా ఎక్కడైనా?” అని కోప్పడ్డారు. నేను వినలేదు. మే మూడో వారంలో ఒక రోజు ఆలస్యంగా బయలుదేరడం వల్ల సీతానగరం వైపు నుంచి తిరిగి వచ్చేటప్పటికి ఎనిమిదిన్నర దాటింది. కృష్ణలో నీళ్లున్నా గాలి మాత్రం అప్పటికే సెగలు కక్కుతోంది. సగం దూరం వచ్చేసరికి కళ్ల ముందు చీకట్లు కమ్మి, పిట్టగోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. అటుగా వెళుతున్న ఒక పెద్దాయన స్కూటరు ఆపి, సీసాలో ఉన్న మజ్జిగ నాచేత తాగించి, నేను లేచి నిలబడేదాకా పక్కనే ఉన్నారు. ఆయన పేరైనా అడగలేకపోయాను. ఆ వారంలోనే కుడి మోకాలు కూడా మెట్లు దిగేటప్పుడు పట్టేయడం మొదలైంది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మోకాలు పరిశీలించి అడిగిన మొదటి ప్రశ్న, “మేడమ్, ఎన్ని రోజుల్లో ఎంత పెంచారు?” అని. నా సమాధానం విని, ఎముకలు, కీళ్లు, కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు అన్నీ కొత్త భారానికి అలవాటు పడటానికి వారాలు తీసుకుంటాయని, నడకను వారానికి పదో వంతుకు మించి పెంచకుండా ఉంటే మంచిదని చెప్పింది. పదివేల అడుగులనే లక్ష్యం కూడా వైద్యశాస్త్రంలోంచి పుట్టింది కాదని, 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే ఒక మీటరుకు పెట్టిన పేరులోంచి పుట్టిందని ఆ అమ్మాయి చెబితేనే తెలిసింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ, రెండు రోజులు కండరాలకు పని అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. ఒక మాదిరి శ్రమ అంటే ఎంతో తెలుసుకోవడానికి వాచీ అక్కరలేదు: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పదిహేను రోజుల విశ్రాంతి తర్వాత వారానికి ఐదు రోజులు, రోజుకు ముప్పై నిమిషాల నడకతో తిరిగి మొదలుపెట్టాను. మంగళ, శుక్రవారాల్లో గోడకు చేతులు ఆనించి తీసే దండీలు, కుర్చీ ముందు నిలబడి పూర్తిగా కూర్చోకుండానే లేచే గుంజీలు ఆ అమ్మాయే దగ్గరుండి నేర్పింది. తిండి తగ్గించి నడక ఒక్కటే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుందని, నలభై దాటిన ఆడవారు పోగొట్టుకోకూడనిది ఆ కండేనని ఆమె చెప్పిన మాటను నేను ఇప్పుడు తెలిసిన ప్రతి స్త్రీకీ చెబుతున్నాను.

తిండి సంగతికి వస్తే, ముందుగా నాకు రోజుకు ఎంత అవసరమో చూసుకున్నాను. 1990లో వచ్చిన మిఫ్లిన్ - సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం, కిలోల బరువును పదితో, సెంటీమీటర్ల ఎత్తును 6.25తో గుణించి కలిపి, అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేసి, ఆడవారికైతే మరో 161 తీసేయాలి. విశ్రాంతిగా ఉన్నా నా శరీరానికి కావలసింది రోజుకు సుమారు 1,380 కేలరీలని తేలింది. నా దినచర్యకు దాన్ని 1.4తో గుణిస్తే 1,900 దాటుతుంది. శరీరంలో ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలతో సమానం కాబట్టి, రోజుకు 300 తగ్గించుకుంటే నెలకు కిలో చొప్పున తగ్గాలి. అంతకు మించి తొందరపడకూడదని మే నెల నాకు నేర్పింది.

ఆ 300 ఎక్కడ తగ్గించాలన్నది వెతుకుతుంటే కిరాణా చీటీలో నూనె పద్దు కనిపించింది. ఇంట్లో ఆయన, అత్తయ్య, పాప, నేను కలిసి నలుగురం. నెలకు ఐదు లీటర్ల నూనె తెచ్చుకుంటున్నాం. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, గ్రాముకు 9 కేలరీలు. ఐదు లీటర్లకు 40,950 కేలరీలు. దాన్ని ముప్పై రోజులకూ నలుగురికీ పంచితే మనిషికి రోజుకు 341 వస్తుంది. అదే నూనెను మూడు లీటర్లకు తగ్గిస్తే 205. అంటే తాలింపు గరిటె మార్చుకోవడం, వేపుళ్లు వారానికి ఒక రోజుకు పరిమితం చేసుకోవడం అనే ఈ రెండు పనులతోనే రోజుకు 136 కేలరీలు తగ్గుతున్నాయి. బ్యారేజీ చివరిదాకా వెళ్లి వచ్చినా ఖర్చయ్యేది 98 మాత్రమే. ఈ లెక్క కాగితం మీద వేసి మావారికి చూపించిన రోజు నుంచి ఇంట్లో నూనె గురించి ఎవరూ నాతో వాదించలేదు. మిగిలినది అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ మేరకు పప్పు, కూర పెంచుకోవడంతో సరిపోయింది. రాత్రి భోజనం మళ్లీ మానలేదు.

జూన్ మధ్యలో బరువు 77.8 ఉండగా ఈ పద్ధతి మొదలైంది. రోజూ ఉదయం ఒకే సమయంలో తూచుకున్నా, ఒక్క రోజు అంకెను పట్టించుకోకుండా ఏడు రోజుల సగటును మాత్రమే పుస్తకంలో రాసేదాన్ని. కొత్తావకాయతో అన్నం తిన్న మర్నాడు 900 గ్రాములు పెరిగిన రోజు ఉంది. నెలసరికి ముందు నాలుగు రోజులు దాదాపు కిలో ఎక్కువ చూపించిన నెలలూ ఉన్నాయి. అదంతా ఒంట్లో నిలిచిన నీరే. సగటు రాసుకునే అలవాటు లేకపోతే ఆ ఉదయాల్లో ఏదో ఒకటి నన్ను తప్పకుండా మాన్పించేది.

అక్టోబరులో మూడు వారాలపాటు సగటు 73.6 దగ్గర కదలకుండా నిలిచిపోయింది. తిండి ఇంకా తగ్గించడానికి బదులు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. బరువు తగ్గినందువల్ల నా రోజువారీ అవసరం కూడా 60 కేలరీల దాకా తగ్గింది, తేలికైన ఒంటికి అదే నడక ఖర్చు చేసేదీ తగ్గింది. అంతకన్నా పెద్ద కారణం నూనె పద్దులోనే దొరికింది: దసరా రోజుల గారెలు, బూరెలతో ఆ నెల నాలుగున్నర లీటర్లు అయింది. పైగా నవరాత్రులకు ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తుల రద్దీతో బ్యారేజీ వైపు వెళ్లడం మానేసి, సత్యనారాయణపురంలో మా మేడ మీదే పది, పదిహేను నిమిషాలు తిరిగి దిగిపోయాను. కారణాలు తెలిశాయి కాబట్టి కంగారు పడలేదు. పండుగ తర్వాత నూనె మూడు లీటర్లకు తెచ్చి, నడకను నలభై నిమిషాలకు పెంచితే నవంబరు రెండో వారం నుంచి సగటు మళ్లీ దిగడం మొదలైంది.

డిసెంబరు మధ్యలో బరువు 71.4, నడుము 88, హెచ్‌బీఏ1సీ 5.8. డాక్టరమ్మ కాగితం చూసి, ఇదే పద్ధతి కొనసాగించి జూన్‌లో రమ్మన్నారు. నడుము 80కి చేరడానికి ఇంకా చాలా దూరం ఉంది, దానికి ఈ ఏడాదంతా పట్టినా సరేననుకున్నాను. మోకాలు ఇప్పుడు మెట్ల మీద పట్టేయడం లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి అనుమతితో ఈ సోమవారం నుంచి రెండు చేతుల్లో కిలో కందిపప్పు పొట్లం చొప్పున పట్టుకుని గుంజీలు తీస్తున్నాను. ప్రస్తుతానికి ఎనిమిది.