బుల్లెట్ షెడ్డుకు బ్లాక్‌లెటర్ బోర్డు

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర బుల్లెట్ బండ్లు బాగుచేసే కుర్రవాడు కొత్త షెడ్డుకు బోర్డు కావాలని మా డీటీపీ దుకాణానికి వచ్చాడు. "అన్నా, ఇలాంటి అక్షరాలు కావాలి" అంటూ ఫోనులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక శీర్షిక చూపించాడు. నాకెంతో ఇష్టమైన బ్లాక్‌లెటర్ అది, అంటే యూరప్‌లో పుట్టిన నల్లగా బిగువుగా ఉండే పాత అక్షర శైలి. పెళ్లి పత్రికల మధ్య అలాంటి పని రావడం అరుదు.

ఇది వెడల్పు పాళీ రాతలోంచి పుట్టిన అక్షరం. పాళీని ఒకే కోణంలో పట్టుకుంటే నిలువు గీత మందంగా, పాళీ కోణం వెంట సాగే ఏటవాలు గీత సన్నగా పడుతుంది. 1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ అక్షరాలకు ఆ చేతిరాతే మూలం. అందుకే కంప్యూటర్ కంటే ముందు పాళీ పట్టి షెడ్డు పేరు ఇంగ్లిషులో రాసుకున్నాను. ఈ అక్షరం అందమంతా గీతల మధ్య మిగిలే తెలుపులో ఉంది. ఆ తెలుపు గీతల మందానికి సరితూగాలి. అక్షరాలను దూరం జరిపితే ఆ బిగువు పోతుంది.

ఫాంటు ఎంపికకే ఎక్కువ సమయం పట్టింది. బ్లాక్‌లెటర్‌లోనే ఫ్రాక్టూర్ అనే జర్మన్ రకంలో పెద్ద (క్యాపిటల్) 'ఏ' మన కళ్లకు 'యు'లా, చిన్న 'కె' దాదాపు 'టి'లా కనిపిస్తాయి. ఒకప్పటి జర్మన్ పాఠకులకు అలవాటైన రూపాలవి, మన వీధిలో పనికిరావు. చివరకు రూపాలను సరళం చేసిన పిరాటా వన్ అనే ఫాంటు తీసుకున్నాను. దాని లైసెన్సు వ్యాపారానికి వాడుకోవడానికి, మార్చుకోవడానికి కూడా అనుమతిస్తుంది.

పేరంతా పెద్ద అక్షరాల్లోనే ఉండాలని అతను పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఈ శైలిలో పెద్ద అక్షరాలు మాట మొదట్లో ఒంటరిగా నిలబడటానికి పుట్టినవి. వరసగా పేరిస్తే చదవలేం. రెండూ అచ్చు తీసి చూపించాక "మీరు చెప్పిందే బాగుంది అన్నా" అన్నాడు.

వాళ్ల నాన్నగారిది వేరే అనుమానం. "ఇవి హిట్లర్ అక్షరాలు కదా బాబూ?" అని అడిగారు. మంచి ప్రశ్నే. నాజీలు మొదట్లో వీటిని బాగానే వాడుకున్నారు. కానీ 1941 జనవరిలో ఇవి యూదుల అక్షరాలంటూ అబద్ధపు కారణం చూపి వాళ్లే నిషేధించారు. వాళ్లకంటే శతాబ్దాల ముందు నుంచీ ఇవి ఉన్నాయని చెబితే ఆయన ఊరట చెందారు.

అక్రిలిక్ కోతలో సన్నని గీతలు విరుగుతాయి కనుక వాటిని కాస్త లావు చేశాను. కింద తెలుగు పేరుకు రామభద్ర ఫాంటు పెట్టాను. ఆ గుండ్రని బరువు పైనున్న నలుపుకు దీటుగా నిలిచింది. చిరునామా, ఫోను నంబరు మాత్రం సాదా అక్షరాల్లోనే. బ్లాక్‌లెటర్‌కు ఒకటి రెండు మాటలు, పెద్ద సైజు ఉంటేనే బలం. విజిటింగ్ కార్డు మీద కూడా షెడ్డు పేరు మొదటి అక్షరం ఒక్కటే ఆ శైలిలో వేశాను.