బీట్‌రూటా? అది కూడా ఉంది!

ఆఫీసు పని మీద పారిస్ వెళ్లినప్పుడు ఒక శనివారం రాత్రి సహోద్యోగి భోజనానికి పిలిచాడు. సలాడ్ నోట్లో పెట్టుకుని, వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ వాడదామని, "ఇందులో బీట్‌రూట్ ఉందా?" అన్నాను. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ ఒక్క గొంతుతో "అది కూడా ఉంది!" అని అరిచి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనేం బూతు మాట అన్నానో అని ఒకటే టెన్షన్.

అది 1963లో వచ్చిన 'లె తోంతోఁ ఫ్లాంగర్' సినిమాలో డైలాగట. తుపాకులు పేల్చే బాబాయిలు అనుకోండి. దర్శకుడు జార్జ్ లోత్నర్, మాటలు మిషెల్ ఒదియార్. భోజనం కాగానే సినిమా పెట్టేశారు. గంటా ముప్పావు సినిమాకి మూడు గంటలు పట్టింది, ఎందుకంటే ప్రతి డైలాగుకీ ఆపి నాకు అర్థం చెప్పడమే! సబ్‌టైటిల్స్‌లో ఆ యాస ఎక్కడ మిగులుతుంది?

నిజం చెప్పాలంటే మొదటి అరగంట ఆవులింతలే. చనిపోతూ ఒక ముఠా నాయకుడు తన దందానీ కూతురినీ పాత స్నేహితుడికి అప్పగిస్తాడు. కథ అంతే. ఆ స్నేహితుడు లీనో వెంతురా, ఒకప్పటి కుస్తీ వీరుడు, పుట్టింది ఇటలీలో. ఆయన చిరాకు ముఖం చూస్తేనే నవ్వొస్తుంది. అసలు సంగతి వంటింట్లో ఉంది. అవతలి గదిలో కుర్రకారు పార్టీ. ఇక్కడ గూండాలు బుద్ధిగా రొట్టెముక్కలకి పూత రాస్తూ ఏదో నాటు సరుకు తాగుతుంటారు. తాగినవాళ్లకి కళ్లు పోతున్నాయని దాని తయారీ ఆపేశారట! ఆపిల్ రుచి తగులుతోందని ఒకడంటాడు. ఉందంటారు. బీట్‌రూట్ కూడానా అంటే, అది కూడా ఉంది.

అప్పట్లో విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదట. తర్వాత టీవీలో వేసి వేసి ఇంటింటి సొత్తయింది. మనం మాటల మధ్యలో 'వెయ్యండి రెండు వీరతాళ్లు' అన్నట్టే వీళ్లకిది.

మర్నాడు చివరి పెళ్లి సీన్ తీసిన చర్చికి బయల్దేరాను. మూడో నంబరు మెట్రోలో పోర్ట్ ద బన్యోలే దిగి నడక. తూర్పు పారిస్‌లో, ఒకప్పుడు విడిగా ఉన్న షరోన్ అనే ఊరి చర్చి అది. పొట్టి గంటగోపురం, ముందు మెట్లు, పక్కనే చిన్న శ్మశానం. పారిస్‌లో శ్మశానం అంటిపెట్టుకుని మిగిలిన చర్చిలు చాలా తక్కువ.

మెట్ల మీద ఒక పెద్దాయన, ఆవిడా ఫోటో తీయమని ఫోను చేతికిచ్చారు. ఆయన వేలితో తుపాకీ పట్టినట్టు నిలబడ్డాడు. అర్థమైపోయింది. నొక్కబోతూ "బీట్‌రూటా?" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపు ఆవిడే జవాబిచ్చేసింది. ఫోటో కదిలిపోయింది, మళ్లీ తీయాల్సి వచ్చింది.