టోస్ట్ మీద బీన్స్, గిన్నెలో పఖాళ

బ్రిటన్ వాళ్ల తిండి చప్పగా ఉంటుందని మా బరంపురంలో ఎవర్ని అడిగినా చెప్తారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. బీన్స్ ఆన్ టోస్ట్ తీసుకోండి, బ్రెడ్ బాగా కాల్చి అంచుల దాకా వెన్న రాసి, పైన టమాటా సాస్‌లో ఉడికిన వేడి బీన్స్ (మన కూర బీన్స్ కాదు, తెల్ల గింజలు) పోస్తారు, మధ్యలో బ్రెడ్ సాస్ పీల్చుకుని మెత్తబడుతుంది, అంచులు మాత్రం ఇంకా కరకరమంటూనే ఉంటాయి, ఆ రెండూ ఒకే ముక్కలో నోట్లోకి రావాలి, రుచంతా అక్కడే ఉంది. హైంజ్ కంపెనీ డబ్బా బీన్స్ లండన్‌లో ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అనే పెద్దింటి దుకాణంలో ఖరీదైన సరుకుగా మొదలై, తర్వాత అందరి ఇళ్లకీ చేరాయి.

ఇంకోటి షెపర్డ్స్ పై. గొర్రె కీమా మీద మెదిపిన బంగాళదుంప పరిచి, ఫోర్క్‌తో గీతలు గీసి ఓవెన్‌లో పెడతారు, ఆ గీతల గట్లు ఎర్రగా వేగుతాయి. ఆదివారం మిగిలిన రోస్ట్ మాంసంతో కూడా చేసుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో మాంసం, వెన్న, పంచదార అన్నీ రేషనే, అది పూర్తిగా పోయేసరికి 1954 అయింది, బంగాళదుంపలకి మాత్రం యుద్ధమప్పుడు రేషన్ లేదు, కడుపులు నింపింది అవే. అంత కష్టంలో అమ్మ వండి పెట్టిన తిండి మీద ప్రేమ ఎలా పోతుంది చెప్పండి?

ఎండాకాలం పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన ఒడిశా చద్దన్నం, పక్కన బడిచూర, అంటే నలిపిన మినప వడియాలు, పెట్టుకుని తినే మనకి ఈ ప్రేమ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒంట్లో బాలేనప్పుడు బిర్యానీ ఎవరడుగుతారు?

బీన్స్ టోస్ట్ ఓసారి చేసుకోండి, కాస్త మిరియాలపొడి చాలు, గరం మసాలా మాత్రం వెయ్యొద్దు ప్లీజ్.