పొలమారింది అనుకున్నాం

అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి నిలబడే అలవాటు అమ్మకి ఎప్పుడొచ్చిందో మాకెవరికీ సరిగ్గా గుర్తు లేదు. రెండు ముద్దలు తినేది, లేచేది, గోడకి చెయ్యి ఆనించి గ్లాసుడు నీళ్లు గడగడా తాగేది, మళ్లీ కూర్చునేది. ఏంటమ్మా అంటే "ఏం లేదే, ఇక్కడ ఆగింది" అని రొమ్ముల మధ్య వేలు పెట్టి చూపించేది. రాత్రి పడుకున్న గంటకి దగ్గుతూ లేస్తే, పొలమారిందని నెత్తి మీద తట్టి "అన్నయ్య తలుచుకుంటున్నాడులే" అనేవాళ్లం. అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు.

రెండేళ్లు అలాగే గడిచాయి. చూపించిన చోటల్లా గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. చుట్టాలు వయసు మీద పడిందన్నారు. నలుగురిలో తినలేక అమ్మ పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది. 61 కిలోల మనిషి 48కి వచ్చింది.

ఒకరోజు పొద్దున పక్కలు సర్దుతుంటే అమ్మ దిండు గలీబు మీద మెతుకులు కనిపించాయి. రాత్రి తిన్నవి. ఏమాత్రం అరగలేదు, వండినవి వండినట్టే ఉన్నాయి. ఆ అన్నం అసలు కడుపులోకే వెళ్లలేదని అప్పుడు తట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందు నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూసే ఎండోస్కోపీ చేసి క్యాన్సర్ కాదని తేల్చారు. తర్వాత చిక్కటి సున్నంలాంటి బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నవాహిక పైన సంచిలా ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నబడిపోయింది. ముక్కులోంచి సన్న గొట్టం దింపి, గుక్కగుక్కగా నీళ్లు మింగిస్తూ ఒత్తిడి కొలిచే మానోమెట్రీ కూడా చేశాక పేరు చెప్పారు, అకలేషియా అని. మనం మింగినప్పుడు అన్నవాహిక చివర కండరం వదులై దారివ్వాలి. అక్కడి నరాలు దెబ్బతినడంతో అది బిగుసుకునే ఉంటుంది. పైనుంచి ముద్దని తోసే శక్తీ పోతుంది. ఏడాదికి లక్షమందిలో ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు. పిల్లలకీ రావచ్చు.

ఆ కండరాన్ని కోసే ఆపరేషన్‌ని 1913లోనే జర్మనీలో హెల్లర్ అనే సర్జన్ చేశారు. 2008లో జపాన్‌లో ఇనోవే అనే డాక్టరు అదే పనిని నోట్లోంచి ఎండోస్కోప్‌తో చేసి చూపించారు. దాని పేరు పోయెమ్. హైదరాబాద్‌లో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అన్నవాహిక లోపలి పొరకి చిన్న గాటు పెడతారు. దిండుకీ గలీబుకీ మధ్య చెయ్యి దూర్చినట్టు, ఆ పొరకీ కండరానికీ మధ్య నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కించి, సొరంగంలా దారి చేసుకుంటూ దిగుతారు. బిగుసుకున్న కండరాన్ని కోసి వెనక్కొచ్చి, గాటుని క్లిప్పులతో మూస్తారు. ఒంటి మీద ఒక్క కుట్టు ఉండదు.

అమ్మకి పోయెమ్ చేసే రోజు పొద్దున ఆసుపత్రి హాల్లో మా పక్కన ఐదేళ్ల బాబు వాళ్లమ్మ ఒళ్లో ఉన్నాడు. కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టిన బాత్‌రూమ్ యాసిడ్ తాగేశాడట. కంగారులో ఇంట్లోవాళ్లు ఉప్పునీళ్లు తాగించి కక్కించారట. అలా అస్సలు చేయకూడదు, యాసిడ్ పైకొస్తూ మళ్లీ కాలుస్తుంది. పుండు మానుతూ అన్నవాహిక ముడుచుకుపోయింది. వాడికి పోయెమ్ కాదు, బెలూన్‌తో కొద్దికొద్దిగా సాగదీస్తున్నారు. అది ఏడోసారి. మళ్లీ మళ్లీ మూసుకుంటోందని ఆవిడ కళ్లు తుడుచుకుంది. వాడు మాత్రం మా అమ్మనే చూస్తూ, తన ఛాతీ మీద వేలు పెట్టి "నీకూ ఇక్కడ ఆగుద్దా అమ్మమ్మా?" అన్నాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, లోపలికి పిలిచేదాకా వదల్లేదు.

అమ్మకి గంటన్నర పట్టింది. మర్నాడు ఎక్కడా లీక్ లేదని పరీక్ష చేసి చూసుకున్నాక, గ్లాసుతో నీళ్లిచ్చారు. ఒక గుక్క మింగి, అలవాటుగా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి "వెళ్లిపోయిందే" అంది.

ఇక చింతే లేదని మాత్రం చెప్పను. తలుపు తీసేశారు కాబట్టి కడుపులో యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. అందుకని రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం, తిన్న వెంటనే పడుకోనివ్వం. తోసే శక్తి తిరిగి రాదు, అన్నం తన బరువుకి తానే దిగాలి. కాబట్టి నిటారుగా కూర్చుని మెల్లగా నమిలి తింటుంది. కానీ తింటుంది. ముద్దపప్పూ ఆవకాయా కలుపుకుని, మధ్యలో లేవకుండా తింటుంది.

ఇంటికొచ్చిన రోజు కాళ్లు కడుక్కోవడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్లిన అమ్మ ఎంతకీ బయటికి రాలేదు. టెన్షన్‌తో తలుపు కొట్టాను. తలుపు తీసి, మూలనున్న సీసా చూపించింది. బండివాడి దగ్గర కొన్న యాసిడ్, పాత కూల్‌డ్రింక్ సీసాలో. ఎన్నాళ్ల నుంచి అక్కడుందో, నేనే పెట్టాను. అది ఇంట్లోంచి పోయేదాకా అమ్మ మంచమెక్కలేదు.