18,580 రూపాయల బిల్లు, మా వాకిట్లో ఆయిల్ ఛేంజ్

2023 జూన్‌లో హైదరాబాద్ షోరూమ్ వాళ్లు ఇచ్చిన సర్వీసింగ్ బిల్లు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొత్తం 18,580 రూపాయలు. కారులో ఏదీ చెడిపోలేదు. ఏడాదికోసారి చేయించే మామూలు సర్వీసింగ్‌కే అంతయింది.

మాది నల్గొండ, విత్తనాలు, ఎరువుల దుకాణం. 2021లో ఒక జర్మన్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2015 మోడల్, 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. చూడటానికి చిన్న కారే. కానీ నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి యాక్సిలరేటర్ మీద కాలు పెడితే దాని సంగతి తెలుస్తుంది. మా ఇంట్లో అందరూ దాన్ని స్పోర్ట్స్ కారు అనే అంటారు. నాకు ఆ కారంటే ప్రాణం.

సర్వీసింగ్‌కి మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే. చిట్యాల, పంతంగి టోల్, చౌటుప్పల్ దాటి ఎల్బీ నగర్ వైపు రానూపోనూ 200 కిలోమీటర్లు. అప్పట్లో పెట్రోలు లీటరు 109 దాటి ఉంది. పొద్దున కారు అప్పజెప్పి సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. సీజన్‌లో ఒక రోజు దుకాణం వదిలిపెట్టడం అంటే ఎంత నష్టమో దుకాణం నడిపేవాళ్లకి తెలుసు. ఆ లెక్క బిల్లులో కనబడదు.

ఆ ఏడాది ఇంటికొచ్చాక రాత్రి కూర్చుని బిల్లునీ కారుతో వచ్చిన మాన్యువల్‌నీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండేళ్లుగా కారు నడుపుతున్నా అప్పటిదాకా ఆ పుస్తకం సరిగా తెరవనేలేదు. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏం మార్చాలో అందులో ఒక పట్టిక ఉంది. బిల్లులో ఆయిల్ 4,180. ఆయిల్ ఫిల్టర్, డ్రైన్ బోల్టు కలిపి 890. ఎయిర్ ఫిల్టర్ 1,240. ఏసీ ఫిల్టర్ 1,060. బ్రేక్ ఫ్లూయిడ్ 780. లేబర్ 3,650. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,400. ఇవన్నీ న్యాయమైనవే, పట్టికలోనో మన రోడ్ల అవసరంలోనో ఉన్నవే. మిగిలినవి చూడండి: బ్రేక్ క్లీనింగ్ 1,450, థ్రాటిల్ క్లీనింగ్ 1,250, ఇంజిన్ ఫ్లష్ 650, ఏసీ క్రిమిసంహారక స్ప్రే 1,180, ఎలుకలు రాకుండా స్ప్రే 850. ఈ ఐదూ కలిపి 5,380. మాన్యువల్ పట్టికలో ఒక్కటీ లేదు. కారు అప్పజెప్పేటప్పుడు షోరూమ్ పెద్దమనిషి "ఇవి కూడా చేసేద్దాం సార్" అన్నాడు. నేను సరేనని సంతకం పెట్టాను. తప్పు ఆయనదొక్కడిదే కాదు.

అక్కడితో ఆగేవాణ్నేమో. మూడు వారాలకు ఏసీ గాలి సరిగా రావడం లేదని గ్లవ్‌బాక్స్ కింద మూత తీశాను. ఫిల్టర్ బయటికి లాగితే మడతల నిండా దూది. మా దుకాణం మీదుగా పత్తి లారీలు పోతుంటాయి, జిన్నింగ్ మిల్లుల వైపు వెళ్తుంటే గాలిలో పింజలు ఎగురుతుంటాయి, అదంతా అందులోనే ఇరుక్కుంది. దూదితో పాటు వడ్ల పొట్టు, ఎండి నల్లబడ్డ వేపాకు ఒకటి. పత్తి సీజన్ అయిపోయి ఎన్ని నెలలైంది? జూన్‌లో వేసిన ఫిల్టర్‌లోకి అంత దూది ఎట్లా వస్తుంది? మార్చకుండానే బిల్లులో వేశారన్నమాట. ఫోటోలు తీసి షోరూమ్‌కి పంపితే, వచ్చే సర్వీసింగ్‌లో ఆ 1,060 తగ్గిస్తామన్నారు. తీసుకోవడానికి నేను మళ్లీ వెళ్లలేదు. ఇంత సులువుగా రెండు నిమిషాల్లో ఊడొచ్చే వస్తువును నేనే ఎందుకు మార్చుకోకూడదు అనిపించింది.

మా బాపు ట్రాక్టర్ ఆయిల్ తనే మార్చుకునేవాడు. ఈ కారు సంగతి చెప్తే మాత్రం భయపడ్డాడు. "ఇది ట్రాక్టర్ కాదు బిడ్డా, కంప్యూటర్ బండి" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, తర్వాత చెప్తాను. కానీ ఆయిల్‌కి కంప్యూటర్ తెలియదు. పాతది దించాలి, ఫిల్టర్ మార్చాలి, కొత్తది పోయాలి.

విడిభాగాలు దొరుకుతాయా అన్నది నా మొదటి అనుమానం. ఒకప్పుడు ఇలాంటి కార్లకు అసలు పార్ట్‌లు బయట దొరికేవే కావు. 2014 ఆగస్టులో వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది ఈ విషయం మీదే. విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని ఆ తీర్పు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పార్ట్ నంబర్ కొడితే వస్తుంది, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా ఇస్తారు. నేను పాత ఫిల్టర్ల మీది నంబర్లు రాసుకుని, కంపెనీకి సప్లై చేసే బ్రాండ్లవే తెప్పించాను. ఆయిల్ ఫిల్టర్, డ్రైన్ బోల్టు 610, ఎయిర్ ఫిల్టర్ 720, ఏసీ ఫిల్టర్ 540, నాలుగు లీటర్ల ఆయిల్ 3,300.

ఆయిల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దని గట్టిగా చెప్తాను. టర్బో లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాని బేరింగ్‌కి ఆధారం ఈ ఆయిలే. డబ్బా మీద చిక్కదనం సూచించే 5డబ్ల్యూ-40 అని పెద్దగా రాసి ఉంటే చాలదు. మాన్యువల్‌లో కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నంబర్ డబ్బా వెనుక అచ్చంగా ఉండాలి. అది లేని డబ్బా వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినా నేను ముట్టను.

2024 మే నెల, ఆదివారం పొద్దున ఐదున్నర. ఎనిమిదైతే మా నల్గొండ ఎండకు నేల మీద పడుకోవడం కుదరదు. వాకిట్లో చదునుగా ఉన్న చోట కారు పెట్టి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపాను. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పూర్తిగా దిగుతుంది. జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. బాపు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు.

కింది ప్లాస్టిక్ కవర్ స్క్రూలు విప్పేసరికే అరగంట పట్టింది. రెండు స్క్రూలు అసలు లేనే లేవు. డ్రైన్ బోల్టు వదులు చేసి చేత్తో తిప్పుతుంటే ఆయిల్ ఒక్కసారిగా మోచేతి దాకా కారింది. నల్లగా, నీళ్లలాగా పలచగా. అది చుక్కలు చుక్కలుగా పడేదాకా ఆగి, కొత్త బోల్టు పెట్టి బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో 30 న్యూటన్ మీటర్ల దగ్గర టిక్ అనగానే వదిలేశాను. బాపు "ఇంకొంచెం బిగించు" అన్నాడు. బిగించలేదు. కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంప్, అల్యూమినియంది, మర పోతే మొత్తం సంప్ మార్చాలి.

ఫిల్టర్ విప్పాను. కొత్తదాని రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాను. డిప్‌స్టిక్ చూసుకుంటూ ఆయిల్ పోశాను. స్టార్ట్ చేశాను. మూడు సెకన్లు. కింద సర్రుమని చప్పుడు, సిమెంటు మీద నల్లటి మడుగు. వెంటనే ఆపేశాను. చేతులు వణికాయి. ఇంజిన్ పోయిందనుకున్నాను.

బాపు లేచి వచ్చి పాత ఫిల్టర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "దీని రబ్బరు రింగు ఏదిరా?" అన్నాడు. లేదు. అది ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉండిపోయింది. దాని మీదనే నేను కొత్త ఫిల్టర్ బిగించాను. రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ తన్నుకొచ్చింది. ఫిల్టర్ విప్పి, గోరుతో ఆ పాత రింగు తీసి, పేలికతో తుడిచి మళ్లీ బిగిస్తే చుక్క కారలేదు. ఇంకో లీటరు ఆయిల్ కోసం రెండ్రోజులు కారు కదిలించకుండా ఆగాను, 850. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా పాత ఫిల్టర్ రింగు దానితోనే వచ్చిందా లేదా అన్నది కళ్లతో చూశాకే కొత్తది పెట్టండి.

దించిన ఆయిల్‌ని పాత డబ్బాలోనే పోసి, దేవరకొండ రోడ్డులో ఉన్న గ్యారేజీ అన్నకు ఇచ్చాను. ఆయన డ్రమ్ములో నింపి రీసైక్లింగ్ వాళ్లకు ఇస్తాడు. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ సెంట్రింగ్ పలకలకు రాస్తానని అడిగాడు, ఇవ్వలేదు. 2016 నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మోరీలో పోస్తే అది చేరేది మన చెరువుల్లోకే.

ఇంజిన్‌ను చల్లగా ఉంచే కూలెంట్ సంగతి కూడా చెప్పాలి. రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే బోరు నీళ్లు పోసేయడం ఇక్కడ చాలామందికి అలవాటు. నల్గొండ నీళ్లంటే ఫ్లోరైడ్ ఒక్కటే గుర్తుకొస్తుంది గానీ ఇంజిన్‌కి చేటు చేసేది ఉప్పు, సున్నం. మా ఇంట్లో గీజర్ కాయిల్ మీద ఏడాదికి వేలు మందాన తెల్లటి గార కడుతుంది. అదే గార రేడియేటర్ సన్న గొట్టాల్లో కడితే మే నెలలో కారు ఏమవుతుందో ఊహించుకోండి. కంపెనీ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకూడదు.

ఇక లెక్క. ఆ ఏడాది సామాను 5,170, ఒలికిన ఆయిల్‌కి 850, నల్గొండలోనే వీల్ అలైన్‌మెంట్ 600. మొత్తం 6,620. టార్క్ రెంచ్ 2,900, స్టాండ్లు 1,900, సాకెట్ల సెట్టు 3,400, ట్రే, గరాటు 500, కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ 1,800. పనిముట్లే 10,500 అయ్యాయి. అంటే షోరూమ్ బిల్లు 18,580తో పోలిస్తే మొదటి ఏడాది నాకు మిగిలింది 1,460 రూపాయలే. పనిముట్లు పక్కన పెట్టి సర్వీసింగ్ ఖర్చే చూస్తే తేడా 11,960. అందులో 780 బ్రేక్ ఫ్లూయిడ్‌ది, అది రెండేళ్లకోసారి కాబట్టి ఆ ఏడాది అక్కర్లేదు. 5,380 ఆ ఐదు అదనపు పనులది. నా చేతులు నల్లబడినందుకు మిగిలింది 5,800. మాన్యువల్ చదివి షోరూమ్‌లో "ఇవి వద్దు" అని ఉంటే పానా ముట్టకుండానే దాదాపు సగం మిగిలేది. అందుకే నన్నడిగేవాళ్లకి మొదట ఆ పుస్తకం చదవమనే చెప్తున్నాను. వారంటీలో ఉన్న కారైతే అసలు ఇంట్లో విప్పవద్దనే అంటాను. షోరూమ్‌కే వెళ్లండి, అదనపు పనులు కొట్టేయించండి.

బాపు అన్న కంప్యూటర్ మాట ఆ దసరాకు గుర్తొచ్చింది. మిర్యాలగూడ ట్రాఫిక్‌లో ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కారు వణకడం మొదలైంది. నా స్కానర్ ఏదో కోడ్ చూపించింది గానీ అర్థం కాలేదు. బయట ఒకరికి చూపిస్తే క్లచ్ ప్యాక్ పోయింది, 70 వేలవుతుందన్నారు. నిద్ర పట్టలేదు. చివరికి మళ్లీ అదే షోరూమ్‌కి వెళ్లాను. అక్కడి కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టి, గేర్‌బాక్స్ క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కొత్తగా నేర్చుకునేలా సెట్టింగ్ చేసి, పక్కన కూర్చుని పది కిలోమీటర్లు నడిపించాడు. 2,900 రూపాయలు. వణుకు పోయింది. ఈ డబ్బు ఇవ్వడానికి నాకు ఒక్క నిమిషం కూడా బాధ కలగలేదు. గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, టైమింగ్ పనులు వాళ్లవే.

2025 నవంబర్‌లో రెండోసారి చేశాను. సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి కొంచెం కలిసొచ్చింది. ఈసారి స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చాను, నాలుగూ 2,600. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం గ్యారేజీ అన్నతోనే మార్పించాను, 1,100. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగనిది, నీరు పట్టాక 155కే మరగొచ్చు. అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. అందులో గాలి బుడగ మిగలకూడదు, అది ఒంటరిగా చేసే పని కాదని నా అభిప్రాయం. అన్నీ కలిపి తొమ్మిదిన్నర వేలు దాటలేదు.

ఫిల్టర్ విప్పగానే బాపు చెయ్యి చాపాడు. రింగు దానికే ఉంది. వేలితో ఒకసారి చుట్టూ తడిమి చూసి, "ఇగ పెట్టు" అన్నాడు. తర్వాత కిలోమీటర్లు, తేదీ, ఆయిల్ డబ్బా మీది నంబర్ దుకాణం లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగి నాలుగు మిల్లీమీటర్లకు వచ్చాయి. అవి వచ్చే నెల.