కౌలు కార్డుకు రెండు సంతకాలు

అమలాపురం దగ్గర మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. భూమిగల ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. ఏడేళ్లు మా మధ్య కాగితమన్నది లేదు. కోతలయ్యాక బస్తాల లెక్కన డబ్బు పంపితే, ఆయన ఫోన్ చేసి "ముట్టిందోయ్" అనేవారు.

2023 డిసెంబరు తుపానుకు సార్వా (వానాకాలం) వరి చేను నేలకొరిగింది. నష్టపరిహారం ఆయన ఖాతాలో పడింది. సగం పంపారు. మిగతా సగం అడగడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి సార్వాకి గ్రామ సచివాలయానికెళ్లి వీఆర్వో గారిని అడిగాను. నష్టపరిహారం, పంట రుణం లాంటివి సాగు చేసేవాడికే అందేలా 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఇస్తారు. గడువు 11 నెలలు. పాస్‌బుక్ నకలు, ఇద్దరి ఆధార్లు తేలిగ్గానే దొరికాయి. యజమాని సంతకం దగ్గరే ఆగిపోయింది.

"సంతకం పెడితే రేపు పొలం నాదంటావేమో?" అన్నారు ఫోన్‌లో. ఆయన భయాన్ని తీసిపారేయలేను. 1956 కౌలుదారీ చట్టం రోజుల నుంచి, కౌలుదారు కదలక కోర్టుల చుట్టూ తిరిగిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కార్డుతో హక్కు పంట మీదే, భూమి మీద కాదని చెప్పి, ఫారం ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు.

శ్రావణంలో మేనకోడలి పెళ్లికి ఊరొచ్చారు. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, వేలుతో ఒక్కో లైనూ చదివారు. "పదకొండు నెలలంటే ఎప్పటికిరా?" అని వేళ్ల మీద లెక్కేసుకుని, సంతకం పెట్టి, పక్క ఖాళీలో 'జూలై వరకే' అని సొంతంగా రాసేశారు! అలా రాస్తే చెల్లదన్నారు వీఆర్వో గారు. ఇంకో ఫారం పట్టుకుని పెళ్లి పందిట్లోకి పరిగెత్తాను. ఒక చేతిలో అక్షింతలతోనే రెండో సంతకం పెట్టారాయన.

కార్డు చేతికొచ్చిందిగానీ బ్యాంకులో అప్పు పుట్టలేదు. ఆ సర్వే నంబరు మీద ఆయన ముందే పంట రుణం తీసుకున్నారట. ఒకే పొలానికి రెండుసార్లు ఇవ్వరు కదా! మా ఆవిడ గాజులే మళ్లీ తాకట్టుకెళ్లాయి. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడగాల్సింది. నాకు తట్టలేదు.

ఎవరు ఏ పంట వేశారో సర్కారు నమోదు చేసుకునే ఈ-క్రాప్‌లో మాత్రం నా పేరెక్కింది, వేలిముద్ర నాదే. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300, అంటే 75 కిలోల బస్తాకి 1,725 రూపాయలు. ధాన్యం డబ్బు నా ఖాతాలోనే పడింది. మెసేజ్ రాగానే ఆయన వాటా పంపాను. "ముట్టిందోయ్" అన్నారు.

జూలైలో కార్డు గడువు తీరింది. ఈసారి ఫారాలు మూడు తెచ్చి పెట్టుకున్నాను.