20 నిమిషాల ఎస్‌ఈఎల్ క్లాసు: నా అనుభవం

నేను లెక్కల టీచర్ని. సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ (ఎస్‌ఈఎల్, అంటే మన భావాలను, తోటివాళ్లతో మెలగడాన్ని నేర్పే పాఠం) పేరుతో హైస్కూల్ పిల్లలకు వారానికోసారి 20 నిమిషాల క్లాసు తీసుకోమన్నప్పుడు, ఇదేముందిలే అనుకున్నాను. మొదటి రోజే కోపం, ఒత్తిడి, సానుభూతి అన్నీ స్లైడ్లలో కుక్కేసి, చివర్లో ముందు బెంచీ అబ్బాయిని లేపి "ఈమధ్య నీకు బాగా బాధేసిన సంగతి ఒకటి చెప్పు" అన్నాను. వాడు పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ "ఏం లేదు టీచర్" అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. అదే ప్రశ్న స్టాఫ్‌రూమ్‌లో నన్నెవరైనా అడిగితే నేను మాత్రం చెప్తానా?

అప్పుడు కూర్చుని చదివాను. 1994లో అమెరికాలో మొదలైన, ఎస్‌ఈఎల్ మీద పనిచేసే కాసెల్ సంస్థ ఈ నైపుణ్యాలను ఐదుగా విడదీసింది: తనను తాను తెలుసుకోవడం, తనను అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం. నేను ఐదూ ఒకే పూట వడ్డించానన్నమాట. 2011లో పరిశోధకుడు డర్లక్ బృందం బళ్లలో జరిగిన ఇలాంటి 213 కార్యక్రమాల ఫలితాలను కలిపి చూసినప్పుడు, ఒక వరుసలో సాగుతూ, పిల్లలతో చేయిస్తూ, తగినంత సమయమిచ్చి, ఏ నైపుణ్యం నేర్పుతున్నారో స్పష్టంగా పెట్టుకున్నవి మెరుగ్గా పనిచేశాయని తేలింది. నా క్లాసులో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఒక క్లాసుకు ఒకే నైపుణ్యం, అదీ రెండు వారాలు వరసగా. మొదటి 3 నిమిషాలు ఈరోజు ఎలా ఉన్నారో చీటీ మీద 1 నుంచి 5 వరకు ఒక అంకె వేయాలి, ఇష్టం లేకపోతే ఖాళీగా ఇవ్వొచ్చు. తర్వాత 4 నిమిషాలు నేను చేసి చూపిస్తాను, 10 నిమిషాలు వాళ్లు జంటలుగా చేస్తారు, మిగిలిన 3 నిమిషాల్లో ఇంకో చీటీ: ఈ వారం దీన్ని ఎక్కడ వాడతావు? మార్కుల్లేవు. ఒకమ్మాయి "మా అన్న మీద, కుదరకపోవచ్చు" అని రాసింది.

అసలు ప్రాణం ఆ 10 నిమిషాల్లోనే ఉంది. సొంత కథలు అడగను, ఎవరిదో అన్నట్టు ఒక సందర్భం ఇస్తాను. గ్రూప్ చాట్‌లో ఒకడి ఫోటో మీద జోకులేశారు, వాడేం రాయాలి? నేను తయారుచేసి తెచ్చిన జవాబు "నీ మాటల వల్ల నాకు బాధ కలిగింది." క్లాసంతా ఒకటే నవ్వు. అలా ఎవరు మాట్లాడతారు టీచర్ అని, వెనక బెంచీ నుంచి ఒకడు దిద్దాడు: "అది తీసెయ్ రా, నాకు నచ్చలేదు." నాదాని కన్నా ఎంత బాగుందో! అప్పటినుంచి సందర్భాలు, మాటలు రెండూ వాళ్లనే రాయమంటున్నాను, పేర్లు లేకుండా.

అన్నిటికన్నా ముందే పిల్లలకు ఒక మాట చెప్పేస్తాను: ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే నేను దాచను, కౌన్సెలర్‌కి చెప్తాను. ఏదీ బయటపెట్టనని మాటిచ్చి తర్వాత తప్పడం కంటే ఇదే నయం.

నా 4 నిమిషాలు మాత్రం ఇప్పటికీ 7 అవుతుంటాయి. అప్పుడు ఆ పెన్ను క్యాప్ అబ్బాయే గోడ గడియారం వైపు చూపిస్తాడు.